ఏడు మోటార్లు, ఒక ఒప్పందం

కొమరోలు పక్కన మా మిరపతోటకు నీళ్లు బోరు నుంచి వస్తాయి. ఆ బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీదే మరో ఆరుగురి మోటార్లూ ఉన్నాయి. ఏడింటికీ ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే చిన్న పెట్టె అది. రైతు ఇంట్లో కూర్చుని హాయిగా టీ తాగొచ్చు. కాకపోతే ఏడు మోటార్లూ ఒకేసారి కరెంటు లాగేసరికి వోల్టేజీ పడిపోయేది. ఏటా ఎవరిదో ఒకరి మోటారు కాలిపోయేది.

నేను గిద్దలూరులో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. ఉపన్యాసమిచ్చే అవకాశం వస్తే వదిలే రకం కాదు. అందరినీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పిలిచి, నేల మీద పుల్లతో బొమ్మ గీసి మరీ వివరించాను. ఆటోలు తీసేద్దామని, ఒకరి తర్వాత ఒకరం చేత్తో మోటారు వేసుకుందామని అందరూ ఒప్పుకున్నారు.

నేను మాత్రం నాది తీయలేదు. ఆరు తగ్గాక ఒక్కటుంటే ఏమవుతుందని లెక్క వేసుకున్నాను. లెక్కలో తప్పేమీ లేదు.

వారం తిరగకుండానే వోల్టేజీ కాస్త మెరుగుపడింది. ఒప్పందం ఫలించిందని అందరం ఒకరినొకరు మెచ్చుకున్నాం. ఒక రైతు నాకు శాలువా కప్పాలన్నాడు. నేను వద్దన్నాను, అంత గట్టిగా ఏమీ కాదు.

ఒకరోజు పొద్దున, మా ఏడుగురిలో ఒకరైన పక్క చేని పెద్దమ్మ గట్టు మీద దిగులుగా కూర్చుని ఉంది. ఆమెకున్నది ఆ అరెకరం మిరపే. ఆకులన్నీ వాడిపోయాయి.

"ఏంది పెద్దమ్మా?" అన్నాను.

"బోరు ఎండిపోయింది నాయనా. మోటారు కాసేపు మూలిగి ఆగిపోతాంది, చుక్క రాదు. రేపు మేకల్ని చేలోకి తోలుకోమని చెప్పినాను."

అంతలో కరెంటు వచ్చింది. చుట్టూ ఆరు మోటార్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి, అందులో ఒకటి నాది. పెద్దమ్మ లేచి తన స్విచ్చు పెట్టె దాకా నడిచి బటన్ నొక్కింది. వోల్టేజీ మీటరు ముల్లు అప్పటికే కిందికి దిగిపోయి ఉంది. మోటారు మూలిగి ఆగిపోయింది.

అంటే మాట మీద నిలబడింది ఆమె ఒక్కతే. మా వోల్టేజీ మెరుగైంది ఆ ఒక్క మోటారు తప్పుకున్నందుకే. సిగ్గుపడుతూ ఆమె దగ్గరికి నడిచాను.

"పెద్దమ్మా, నేను ఆటో తీయలేదు. ఎవరూ తీయలేదు. ముందే మేమంతా కరెంటు లాగేసుకుంటే నీ మోటారుకు బలం చాలడం లేదు. అంతే," అన్నాను.

తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"అయితే నా బోరులో నీళ్లుండాయా నాయనా?"