డాక్టరు మాటలో నేను చెప్పని సగం

మా వదిన వేళ్లు చూసినప్పుడల్లా ఒక మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. పాతికేళ్లు దాటింది. ఇంకా ఆగుతూనే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అన్నయ్యకు చెప్పలేదు. నేను మీకు తెలియను, మీరు నాకు తెలియరు. అందుకే మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి భిలాయి వచ్చినవాడు. నేను ఇక్కడే, రుఆబాంధా క్వార్టర్లలో పెరిగాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్నయ్యకు కూడా ప్లాంటులో ఉద్యోగం వచ్చాక పెళ్లి చేశారు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వదిన వచ్చింది. అప్పుడు నేనింకా స్కూల్లో ఉన్నాను. వచ్చిన మర్నాడే నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, చిక్కులు తీసి, జడ వేసింది. అంతకు ముందు నాన్నే రబ్బరు బ్యాండు పెట్టి పంపేవాడు. ఆ రోజు స్కూల్లో జడ ముందుకు వేసుకుని తిరిగాను.

వదినకు నడవడం ఇష్టం. సాయంత్రం వంట ముగించుకుని, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, గోరింట కంచెల వెంట బయలుదేరేది. నేను వెనక పరుగెత్తాల్సి వచ్చేది. మొదటిసారి ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడటం చూసి ఊరికి నిప్పంటుకుందని భయపడింది. ఉక్కు కొలిమిలో కరిగిన మడ్డి పారబోస్తున్నారని నేను చెప్పాక చాలాసేపు అలాగే నిలబడి చూసింది. ఆదివారాలు పవర్ హౌస్ బజారుకు వెళ్లేవాళ్లం. కూరగాయలు బేరమాడేంత హిందీ నేర్చుకుంది. మిగతాదంతా నేనే. "ఏటంతన్నాడే అమ్మీ?" అని నా వైపు తిరిగేది. నేను చెప్పిందే ఆమెకు లోకం.

ఆ చివరి వాక్యం రాసి మళ్లీ చదువుకున్నాను. అసలు తప్పంతా అక్కడే ఉంది కదా?

నేను కాలేజీలో చేరిన ఏడాది వదినకు జబ్బు మొదలైంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. నా జడ సగం అల్లి, "మిగతాది నువ్వేసుకో" అని వదిలేసేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మందులు వాడాక వాపులు తగ్గాయి కానీ అలసట పోలేదు. కూర్చుంటే లేవాలనిపించదనేది.

అదే ఏడాది నేను పొద్దున్నే సెక్టారు గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఇంట్లో వ్యాయామమని చెప్పాను. అక్కడ ఒకబ్బాయి పోలీసు భర్తీ కోసం పరుగు సాధన చేసేవాడు. అతను చుట్టూ పరుగెత్తి వచ్చి నా దగ్గర ఆగి, రొప్పుతూ నవ్వేవాడు. గేటు బయట బండి మీద అటుకుల పోహా తినేవాళ్లం. అంతే. అంతకు మించి ఏమీ లేదు. అయినా ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా గడిచేది. ఆ వయసులో అలా ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది.

కొత్తగా వచ్చిన డాక్టరు దగ్గరికి వదినను తీసుకెళ్లిన రోజు అన్నయ్యకు మొదటి షిఫ్టు. నేనే వెళ్లాను. కుర్ర డాక్టరు. హిందీ, ఇంగ్లీషు కలిపి గబగబా మాట్లాడాడు, కానీ ఓపికగా చెప్పాడు. ఈ జబ్బులో కణాలను దెబ్బతీసే పదార్థాలు ఒంట్లో ముందే ఎక్కువగా ఉంటాయట. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్నాడు. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా బాగా శ్రమపడితే అవి కాసేపు ఇంకా పెరుగుతాయి. కానీ కొద్దికొద్దిగా మొదలుపెట్టి రోజూ నడిస్తే, వాటిని తట్టుకునే బలం ఒంటికి వస్తుంది, అలసట కూడా తగ్గుతుంది. మందులు మానొద్దు, నడక మానొద్దు. నేను బీఎస్సీ చదువుతున్నాను. ప్రతి ముక్కా అర్థమైంది.

తర్వాత ఆయన నన్ను చూశాడు. మొదట్లో ఒంటరిగా పంపొద్దు, రోజూ పొద్దున్నే నువ్వే గ్రౌండుకు తీసుకెళ్లు అన్నాడు.

వదిన నా వైపు తిరిగింది.

"ఏటంతన్నాడే అమ్మీ?"

"ఆయాసపడితే ఒంట్లో చెడు ఎక్కువైపోతాదట వొదినా."

"అయితే నడవొద్దంతన్నాడేటి?"

"శ్రమ పడొద్దంట."

"సాయంత్రం అలగ రోడ్డు మీదికైనా ఎల్లకూడదా?"

ఆమె గొంతులో ఆశ ఉంది. అది విన్నాను. విని కూడా అన్నాను.

"వద్దంట. రెస్టు తీసుకోమన్నాడు."

"సమఝ్ గయీఁ?" అర్థమైందా అని డాక్టరు ఆమెనే అడిగాడు. వదిన నన్ను నమ్మి, ఆయన వైపు తలూపింది. "జీ."

ఎన్నో ఏళ్లు నన్ను నేను ఒక మాటతో సమాధానపరచుకున్నాను. నేను అబద్ధం చెప్పలేదు, డాక్టరు చెప్పిన దాంట్లో సగం దగ్గర ఆగాను, అంతే అని. కానీ ఆ చివరి మాట సగం కాదు. అది పూర్తిగా నా సొంతం. వదిన గ్రౌండుకు వస్తే నా పొద్దులు పోతాయని, ఆ అబ్బాయిని చూడటానికి ఉండదని, తెలిసి, ఆలోచించి, నోరు తెరిచి చెప్పాను. నాకు జడ వేయడం కోసం పొయ్యి మీద పాలు వదిలి వచ్చిన మనిషికి.

వదిన మాట విన్నది. వరండాలో కుర్చీ వేసుకుంది. అక్కడి నుంచే రోడ్డు చూసేది. ఎవరైనా పిలిస్తే, "డాక్టరు కూకోమన్నాడు" అనేది. తర్వాత చూసిన డాక్టర్లు మందులు రాసిచ్చేవారే తప్ప నడక సంగతి ఎత్తలేదు.

ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయాడు. తర్వాత కబురు లేదు. ఇప్పుడు అతని ముఖం కూడా సరిగ్గా గుర్తు రాదు, రొప్పుతూ నవ్వడం తప్ప. అతను వెళ్లాకైనా చెప్పవచ్చు కదా? పొద్దున్నే వదిన చెయ్యి పట్టుకుని గ్రౌండుకు తీసుకెళ్లవచ్చు కదా? కానీ అప్పటికి నెలలు గడిచిపోయాయి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? అలా ఆలస్యమే ఇంకో తప్పయింది, దాన్ని కప్పడానికి మళ్లీ ఆలస్యం చేశాను.

నా పెళ్లినాడు జడ తనే వేస్తానని వదిన పట్టుబట్టింది. నా వెనక కూర్చుంది. పాయలు పట్టు జారిపోయాయి. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారాయి. చివరికి పక్కింటావిడ వేసింది. వదిన పూలు అందించింది. అద్దంలో నేను ఆమెను చూడలేదు.

నడిచి ఉంటే వేళ్లు వంకర పోయేవి కావా? తెలియదు. నడకతో అది ఆగకపోవచ్చని, తర్వాత నేనొక్కదాన్నే వెళ్లి అడిగిన ఒక డాక్టరు అన్నప్పుడు నాకు ఊరటగా అనిపించింది. ఇంటికొచ్చాక సిగ్గేసింది. వేళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆమె సాయంత్రాలను మాత్రం ఆపింది నేనే.

ఇప్పుడు నేను భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాను. అన్నయ్య రిటైరయ్యాక వాళ్లూ ఇటే వచ్చారు. ఈమధ్య ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వదినను పరీక్షించి, ఇన్నేళ్లు ఎందుకు కూర్చున్నారని అడిగిందట. రోజూ కాస్త నడిపించమంది. నేను తీసుకెళ్తానన్నాను. మొదట్లో పార్కు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేది. ఇప్పుడు చుట్టూ నడుస్తోంది. నిద్ర పడుతోందట. మెట్లు ఎక్కితే ముందంత అలసట లేదట. ఆమె కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంటుంటే నేను పక్కకు చూస్తాను.

మొన్న బెంచీ మీద కూర్చుని అంది:

"ఇంత బాగుంతాదని తెలిస్తే అప్పుడే నడిసీదాన్ని. మన వెనక లైన్లో సత్యవతి ఉండీది, గేపకముందా? ఆవిడికీ ఇదే జబ్బు. నేనే సెప్పాను, డాక్టరు కూకోమన్నాడు, నువ్వూ కూకో అని. పాపం, సివరికి మంచానికే అతుక్కుపోనాది."

నాకు ఆ సంగతి తెలియదు. నా మాట మా వరండా దాటి ఇంకో ఇంట్లోకి వెళ్లిందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. సత్యవతి గారు పోయి చాలాకాలమైంది. ఆవిడ ఎన్నిసార్లో నా చేతిలో జామపండు పెట్టింది.

"వొదినా, ఆరోజు డాక్టరు..." అన్నాను.

"ఆయన్నేటంతాం అమ్మీ. అప్పటికి ఆయనకి తెలిసింది అంతే. మన మంచికే సెప్పుంతాడు." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పద, ఇంకో సుట్టు ఏద్దాం."

లేచాను. ఆమె పక్కన నడిచాను. చెప్పలేదు.

ఆమె మనసు తేలిక పడటానికి చెప్పాలా, నా మనసు తేలిక పడటానికా? చెబితే, ఇప్పుడు దొరికిన ఈ నడకలో నా పక్కన నడవగలదా? ఇవి నిజంగా ఆమె కోసం అడుగుతున్న ప్రశ్నలో, నన్ను కాపాడుకోవడానికి అడుగుతున్నవో నాకే తెలియదు. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. కానీ ఇది రాస్తుంటే ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి కొంచెం వదిలినట్టుంది. ఆ డాక్టరు ఏ తప్పూ చేయలేదని ఇన్నాళ్లూ నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.