నాలుగో పాట మధ్యలో

అల్లూరులో ఉత్త మునీర్ అంటే ఎవరికీ తెలియదు. డ్రమ్స్ మునీర్ అంటే మాత్రం ఇల్లు చూపిస్తారు. తండ్రి సైదావలి దూదేకి పరుపులు కుట్టి బతికినవాడు. కొడుకు ఆ పని కాదని, కోవూరు చర్చిలో గిటార్ వాయించే బెన్హర్‌తో కలిసి రాక్ బ్యాండు పెట్టినప్పుడు ఆయన అన్నది ఒక్కటే మాట: "ఏదైతే ఏందిరా, నువ్వూ చేతులరిగే పనే పట్టుకున్నావు."

పద్దెనిమిదేళ్లు మునీర్ కాలేజీ ఫంక్షన్లలో పుల్లలు విరిగేలా వాయించాడు. కాలేజీలు మారాయి, పాడేవాళ్లు మారారు. పిల్లలు అడిగే అయిదారు పాటలు మాత్రం మారలేదు.

ఆ విసుగులో ఉండగానే చెన్నైలో ఎవరో పిలిస్తే ఒక చిన్న గదిలో కచేరీకి ఒక డ్రమ్ము, ఒక సింబల్ పట్టుకుని వెళ్లాడు. అక్కడ పాట లేదు, తాళం లేదు. ఒకామె వయొలిన్ తీగలను గోటితో గీరుతోంది. మునీర్ ఆమె పక్కన పెట్టిన వయొలిన్ కమాను అడిగి తీసుకుని, ఇత్తడి పళ్లెంలా ఉండే సింబల్ అంచున రుద్దాడు. డ్రమ్ము మీద ఊరినించి తెచ్చిన రొయ్యల మేత గుళికలు గుప్పెడు పోసి మెల్లగా ఊపాడు. విన్నది పదకొండు మంది. ఇంటికొచ్చి, "ఇన్నాళ్లకి నేను వాయించేది నాకు వినబడింది" అన్నాడు భార్య ముంతాజ్ బేగంతో.

"మంచిదే. రేపు కాలేజీ ప్రోగ్రాం ఉండాది, మర్చిపోబాక" అందామె.

అలా రెండు పడవల మీద కాళ్లు పెట్టి మరో ఆరేళ్లు లాగాడు. కుడి భుజం అరిగింది. ఎడమ చెవిలో ఆగని కూత మొదలైంది. ఈ గోల మానకపోతే ఆ చెవి దక్కదని నెల్లూరు డాక్టరు చెప్పినా, బెన్హర్ మొహం చూసి మానలేకపోయాడు.

నిరుడు ఫిబ్రవరిలో నెల్లూరు కాలేజీలో, మిట్టమధ్యాహ్నం, నాలుగో పాట మధ్యలో భుజం పట్టేసింది. చెయ్యి లేవలేదు. మునీర్ పుల్లలు ఒళ్లో పెట్టుకుని, ఎడమ అరచేత్తో డ్రమ్ము చర్మాన్ని నెమ్మదిగా రుద్దసాగాడు.

"అంకుల్, నిద్దరొస్తుండాదా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. సగం మంది లేచి క్యాంటీన్ దారి పట్టారు. బెన్హర్ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పాట ఆపి, ఒకే తీగను మీటుతూ నిలబడ్డాడు. ఏడు నిమిషాలు అట్లాగే గడిచాయి. చివర్లో నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు.

"ఏందన్నా ఇది? ఇంక మనల్ని పిలుస్తారా?" అన్నాడు బెన్హర్, వ్యాను దగ్గర.

"పిలవరులే. నాకింక ఓపిక లేదు బెన్హరూ. చాలిస్తా."

బెన్హర్ వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. "మూడేళ్ల నించి నేనూ అదే అనుకుంటుండా. నువ్వు బాధపడతావని చెప్పలా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వడానికి కూడా శక్తి లేదు.

డ్రమ్స్ సెట్టు కోవూరు చర్చికి పోయింది. ఒక చిన్న డ్రమ్ము, ఒక సింబల్ మునీర్ ఉంచుకున్నాడు. ఇప్పుడు పగలంతా తండ్రి పరుపుల కొట్లో కూర్చుంటాడు. రెండు నెలలకోసారి చెన్నై వెళ్లి పదిమందికి వాయించి వస్తాడు. మొన్న ముంతాజ్ కూడా వెళ్లింది. తిరుగు బస్సు సూళ్లూరుపేట దాటాక, "నాకేం అర్థం కాలా. మధ్యలో నిద్ర కూడా పట్టింది" అని ఒప్పుకుంది.

"పట్టనీలే" అన్నాడు మునీర్, భుజం నొక్కుకుంటూ. "ఆ గోలలో ఇన్నేళ్లు ఒక్కరు కూడా నిద్రపోలా."