ఆయమ్మకు పనిలేని పది రోజులు

ఆయమ్మకు ఆవులంటే భయం. ఆ సంగతి స్కూల్లో ఎవరికీ తెలీదు. ముప్పై ఏళ్ళలో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు కూడా. ఆయమ్మ అంటే పల్లెటూరి మనిషే అయి ఉంటుందని, పేడ ఎత్తడమూ పాలు పితకడమూ ఉగ్గుపాలతో వచ్చి ఉంటాయని అందరి లెక్క. నిజానికి ఆమె పుట్టి పెరిగింది అచ్చాఫీసుల వీధిలో, ఒక మేడ మీద రెండు గదుల వాటాలో. తండ్రి కాగితాలు కోసే మిషన్ దగ్గర పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆ వీధిలోకి కాగితపు ముక్కలు నమలడానికి ఒక ఆవు వచ్చేది. ఒకరోజు అది ఆమె చేతిలోని రెండో తరగతి వాచకాన్ని లాక్కుని సగం తినేసింది. అప్పట్నుంచి కొమ్ములున్నది ఏది ఎదురైనా ఆమె వీధి మారిపోయేది.

అలాంటి మనిషిని పెద్దమేడమ్ గదిలోకి పిలిచారు.

"పిల్లల్తో కలిసి వేరే దేశం వెళ్ళాలి ఆయమ్మా. పది రోజులు. పాడి పశువుల దొడ్డి ఉన్న పొలంలో ఉంటారు."

"నేనా మేడమ్?"

"నువ్వే. పధ్నాలుగు మంది ఆడపిల్లలకి తోడుగా ఇద్దరు ఆడవాళ్ళుండాలని అక్కడివాళ్ళ షరతు. సైన్స్ మేడమ్ వస్తోంది. లెక్కల మేడమ్‌కి విమానం పేరు చెబితేనే కళ్ళు తిరుగుతాయి. డ్రాయింగ్ మేడమ్‌కి ఏడో నెల. డ్రిల్ మేడమ్ ఏమో మెట్లు దిగుతూ కాలు విరగ్గొట్టుకుంది."

"అక్కడ ఏం చెయ్యాలి మేడమ్?"

"పిల్లలు పేడ ఎత్తుతారు, గడ్డి వేస్తారు, దూడలకి పాలు పడతారు. ఒకరోజు వృద్ధాశ్రమానికెళ్ళి ముసలివాళ్ళకి సేవ చేస్తారు. కష్టమంటే ఏంటో, సేవంటే ఏంటో వీళ్ళకి తెలియాలిగా."

"మరి నేను?"

పెద్దమేడమ్ ముందున్న ఫైలు మూసేశారు. "నువ్వు వాళ్ళతో ఉంటావు" అన్నారు.

ఆ సాయంత్రం ఈ మాట విని అక్క పడీపడీ నవ్వింది. పెళ్ళయిన రెండేళ్ళకే ఆయమ్మ భర్త పోయాడు. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. అక్క ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరైన మనిషి. "గొడ్డుచాకిరీ అని వినడమేగానీ, గొడ్లకి చాకిరీ చెయ్యడానికి విమానమెక్కి పోవడం ఇప్పుడే వింటున్నానే తల్లీ!" అంది.

అలా ఆయమ్మ తన యాభై ఎనిమిదో ఏట విమానం ఎక్కింది. దిగింది. బస్సు ఎక్కింది. ఎక్కిన చోటా దిగిన చోటా పిల్లల తలలు లెక్కపెట్టింది. అది ఆమెకు ఊపిరి పీల్చడంలాంటి పని. ముప్పై ఏళ్ళుగా తొలి గంట కొట్టడం, మరుగుదొడ్లు కడగడం, జ్వరం వచ్చినవాళ్ళని ఇంటికి చేర్చడం, తలలు లెక్కపెట్టడం: ఆమె జీవితమంతా ఈ నాలుగు పనులే.

పొలం యజమానురాలు గేటు దగ్గరే ఎదురొచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పార. ఆమె అసలు పేరు ఎవరి నోరూ తిరగక, పిల్లలు మొదటి పూటే 'బూట్లత్త' అని పిలవడం మొదలుపెట్టారు. బూట్లత్త ఏదో చెప్పింది. గడ్డి వాసన పడక దిగిన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉన్న పిల్ల ఒకతి ముక్కు తుడుచుకుంటూ అనువాదం చేసింది. ఆ దేశపు భాష స్కూల్లో అందరికంటే బాగా వచ్చింది ఈ తుమ్ముల పిల్లకే.

"ఇక్కడ ఎవరి పని వాళ్ళే చేసుకోవాలట ఆయమ్మా. ఎవరి పళ్ళెం వాళ్ళే కడగాలి, ఎవరి పక్క వాళ్ళే వెయ్యాలి. ఒకళ్ళకి ఇంకొకళ్ళు చెయ్యకూడదట."

"అయ్యో, మరి నేనేం చెయ్యను?"

ఈ ప్రశ్నని తుమ్ముల పిల్ల అటు చేరవేసింది. బూట్లత్త ఆయమ్మని పైనుంచి కిందికి చూసి, ఎండ పడుతున్న అరుగు మీది కుర్చీ చూపించింది.

మర్నాడు పొద్దున కొట్టం తలుపు మీద కాగితం అంటించారు. పధ్నాలుగు పేర్లు, ఎదురుగా పధ్నాలుగు పనులు. అడుగున సైన్స్ మేడమ్ పేరు కూడా ఉంది. ఆవిడకి పాల డబ్బాలు కడిగే పని. ఆయమ్మ పేరు లేదు. పోనీలే అని వంటింట్లోకెళ్ళి గిన్నెలు ముందేసుకుంది. బూట్లత్త వచ్చి నవ్వుతూ చేతిలోంచి పీచు లాగేసుకుంది. చీపురు పట్టుకుంటే చీపురు లాగేసుకుంది. అమ్మాయిలు ముక్కులు మూసుకుని పేడ ఎత్తుతుంటే చూడలేక కొట్టం గుమ్మం దాకా వెళ్ళింది. ఒక ఆవు తల తిప్పి చూసింది. వెనక్కి తగ్గిన ఆయమ్మ కాలు జారి, పేడ బండి మీద కూలబడింది.

చీర పాడైపోయింది. బూట్లత్త తన పొడుగు గౌను ఒకటి, మోచేతుల దగ్గర అతుకులు వేసిన బూడిదరంగు స్వెటర్ ఒకటి తెచ్చి ఇచ్చింది. అవి వేసుకుని అరుగు మీద కూర్చుంటే అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. "ఆయమ్మా, అచ్చం ఇక్కడి మనిషిలాగే ఉన్నావు!"

ఏం కూర్చోవడం! గోళ్ళు గిల్లుకుంటూ రెండు రోజులు కూర్చుంది. తిన్నది అరగలేదు. మూడో రోజు సైన్స్ మేడమ్‌ని పట్టుకుంది.

"మేడమ్, నాకేదన్నా పని చెప్పండి. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది."

"మీరు మాతో ఉండటమే మీ పని ఆయమ్మా" అంది సైన్స్ మేడమ్. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది. అలసిపోయి, చేతులకి బొబ్బలెక్కి, మహా సంతోషంగా ఉంది.

ఉండటం పనెలా అవుతుందో ఆయమ్మకు అంతుబట్టలేదు. ఇంకా అంతుబట్టనిది వేరే ఉంది. ఈ పిల్లలు తమ ఊళ్ళో తరగతిలో కిందపడిన కాగితం ముక్క ఎత్తమంటే "ఆయమ్మ ఎత్తుతుంది" అనేవాళ్ళు. ఇక్కడ పేడ ఎత్తి, ఫొటో తీసుకుని, ఎవరు ఎక్కువ ఎత్తారో పందెం వేసుకుంటున్నారు. వీళ్ళలో ఎవరు నిజం పిల్లలు, ఆ స్కూలు పిల్లలా, ఈ పొలం పిల్లలా?

ఐదో రోజు వృద్ధాశ్రమం. దగ్గరి పట్నంలో, పొడుగాటి రెండంతస్తుల భవనం. లోపల నేల అద్దంలా మెరుస్తోంది. హమ్మయ్య, ఇది నాకు తెలిసిన లోకమే అనుకుంది ఆయమ్మ. అమ్మాయిలని పై అంతస్తుకి తీసుకెళ్ళారు: కొందరు దువ్వెనలతో, కొందరు పుస్తకాలతో, కొందరు చక్రాల కుర్చీలు తొయ్యడానికి. ఆయమ్మ కింద హాల్లో తడిగుడ్డ కర్ర ఒకటి కనిపెట్టి చేతిలోకి తీసుకుంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన పరుగున వచ్చి దాన్ని మెల్లగా విడిపించి, ఆమె భుజం పట్టుకుని నడిపించి, కిటికీ పక్క మెత్తని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక్కడా అంతే అన్నమాట. నిట్టూర్చి చెప్పులు విప్పి, వాచిన కాళ్ళు చాపింది.

హాల్లో ఇరవై మంది దాకా ముసలివాళ్ళు. ఆడవాళ్ళందరికీ పొడుగు గౌన్లు, స్వెటర్లు; చలికి ఆయమ్మ ఇంకా విప్పని బూట్లత్త బట్టల్లాంటివే.

కాసేపటికి నీలంకోటు వేసుకున్న అమ్మాయి ఒకతి బేసిన్‌తో వేడినీళ్ళు తెచ్చి ఆయమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మెడలో కొత్త పేరుబిళ్ళ, ముఖంలో కొత్త ఉద్యోగపు కంగారు. అడక్కుండానే ఆయమ్మ కుడికాలు ఎత్తి నీళ్ళలో పెట్టింది.

"అయ్యో వద్దమ్మా! నేను వీళ్ళ మనిషిని కాను. నేను స్కూలు ఆయాని. ఆయాని తల్లీ!"

నీలంకోటు పిల్ల ఎంతో దయగా తలూపింది. ఆ హాల్లో సగం మంది మాటలు ఎవరికీ అర్థం కావడం లేదు. తలూపడం ఆ పిల్లకి మొదట నేర్పిన పాఠం కాబోలు.

కాలు లాక్కోబోయింది ఆయమ్మ. ఆ పిల్ల వదల్లేదు. అరికాలు రుద్దింది, వేళ్ళ సందులు తోమింది, మెత్తటి తువ్వాలుతో అద్ది, గోళ్ళు తీయడం మొదలుపెట్టింది. ఆయమ్మకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి పోయాక ఆమె పాదం ఇంకొకరి చేతిలో ఉండటం ఇదే మొదలు. సిగ్గుతో చచ్చిపోతున్నట్టుంది. హాయిగానూ ఉంది. ఆ హాయికి మళ్ళీ సిగ్గు.

పక్క కుర్చీలో ఒక పండు ముసలావిడ ఆయమ్మ చెయ్యి పట్టుకుని గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఎవరి మీదో ఫిర్యాదులా ఉంది. "అవునక్కా, నిజమే" అంది ఆయమ్మ, ఏదో ఒకటి అనాలని. ముసలావిడ తృప్తిగా ఇంకా గట్టిగా పట్టుకుంది. భోజనాలకు లేపారు. మెడ కింద గుడ్డ కట్టి, మెత్తగా ఉడికించిందేదో గిన్నెలో పెట్టారు. వద్దంటే చెంచాతో నోటికే అందించేలా ఉన్నారని తనే తినేసింది. తర్వాత మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒళ్ళో దుప్పటి కప్పారు. ఐదు రోజుల అలసట ఏదో, పనిలేని అలసట, ముంచుకొచ్చి కన్నంటుకుంది.

బస్సు చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే పిల్లల బస్సు గేటు దాటుతోంది.

బస్సులో సైన్స్ మేడమ్ తలలు లెక్కపెట్టుకుంది. పధ్నాలుగు. సరిపోయింది. రోజూ లెక్కపెట్టే మనిషి ఎప్పుడూ లెక్కలో ఉండదు కదా.

"ఆగండి! మా బస్సు! మా పిల్లలు!" అంటూ ఆయమ్మ దుప్పటి విసిరేసి లేచింది. నీలంకోటు పిల్ల పరుగున వచ్చి రెండు భుజాలూ పట్టుకుని, ఊరడిస్తూ కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన చేతిసంచితో నిలబడి గేటు వైపు చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. ఆయన్నీ ఇంకో నీలంకోటు అలాగే, అదే నవ్వుతో, వెనక్కి తీసుకొచ్చింది. ఆయమ్మ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన అలా లేవడం ఇది నాలుగోసారి. ఆయనకీ ఏదో బస్సు ఉంది. ఆయన కోసమూ ఎవరో ఎదురుచూస్తున్నారు.

ఆయమ్మ ఆయన్నీ తన గౌన్నీ మార్చి మార్చి చూసింది. వీళ్ళ కంటికి తనూ ఆయనా ఒకటే!

అప్పుడు మొదలైంది అసలు గుబులు. వచ్చే ఏడు రిటైర్మెంటు. 'నువ్వు వాళ్ళతో ఉంటావు' అన్నారు పెద్దమేడమ్. వాళ్ళతో అంటే ఎవరితో? ఇంతమంది ఉండగా తననే ఎందుకు పంపారు? పొలంలో చీపురు కూడా ముట్టుకోనివ్వకపోవడం, కుర్చీలో కూర్చోబెట్టడం, ఈ గౌను, ఈ స్వెటర్... ఒకటొకటిగా అన్నీ ఒక వరసలోకొచ్చి నిలబడ్డాయి. ముసలివాళ్ళని ఇలా సాగనంపడం పెద్ద చదువులవాళ్ళ పద్ధతేమో. ఛ, పెద్దమేడమ్ అలాంటి మనిషి కాదు. కాదా? లెక్కల మేడమ్‌కి నిజంగా కళ్ళు తిరుగుతాయా?

పక్కావిడ మళ్ళీ చెయ్యి పట్టుకుంది. ఆయమ్మ ఈసారి తన గోడు తను చెప్పుకుంది. ఇద్దరూ చెరో భాషలో, ఒకరికొకరు అడ్డం రాకుండా, గంటసేపు మాట్లాడుకున్నారు. ఈవిడ కూడా మొదటిరోజు ఇలాగే పొరబాటున కూర్చుందేమోనని ఒక పిచ్చి అనుమానం కలిగింది ఆయమ్మకు. అడిగే దారి లేదు.

సాయంత్రం పాలు పితికే వేళకు అద్దంలాంటి నేల మీద మట్టి బూట్ల చప్పుడయింది. బూట్లత్త! వెనకాల తుమ్ముల పిల్ల, ఆ వెనక ఏడ్చి ముఖం వాచిన సైన్స్ మేడమ్. పొలంలో అరుగు మీది కుర్చీ ఖాళీగా ఉండటం మొదట చూసింది బూట్లత్తేనట.

"సారీ ఆయమ్మా! పధ్నాలుగు సరిపోయింది... నేను మిమ్మల్ని..." సైన్స్ మేడమ్ మాట పూర్తిచెయ్యలేకపోయింది.

సంగతి తెలిసి నీలంకోటు పిల్ల తెల్లబోయింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఏదో అంది.

"క్షమించమంటోంది. ఇవాళే ఉద్యోగంలో చేరిందట, ఇక్కడి మనిషివే అనుకుందట" అంది తుమ్ముల పిల్ల.

ఆయమ్మ తిట్టాలనుకుంది. తిట్టు రాలేదు. "గోళ్ళు బాగా తీసిందని చెప్పవే" అంది. ఆ మాట చేరగానే ఆ పిల్ల వలవలా ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆయమ్మకు తెలియలేదు. పక్కావిడ చెయ్యి వదిలించుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఒక్కొక్క వేలే విడదియ్యాల్సి వచ్చింది.

మిగతా ఐదు రోజులూ అమ్మాయిలు ఆయమ్మ చుట్టూనే తిరిగారు. పళ్ళెం కడిగారు, పక్క వేశారు, బూట్లత్త నియమాలన్నీ మీరారు. ఆ వరస ఆమెకు ఇంకా ఇబ్బందయింది. "ఊరుకోండమ్మా, నేనేం జబ్బుమనిషినా?" అని కసిరింది. కసిరినందుకు వాళ్ళు చిన్నబుచ్చుకుంటే మళ్ళీ పిలిచి కాఫీ కప్పు కడగనిచ్చింది.

ఇంటికి రాగానే అక్కకి పూసగుచ్చినట్టు చెప్పింది. పేడ బండి దగ్గర అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. బస్సు దగ్గర "దాని బుద్ధి మండ!" అని సైన్స్ మేడమ్‌ని తిట్టింది. కాళ్ళు కడిగిన దగ్గర మాత్రం చేట ముందుకు లాక్కుంది. బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"నీళ్ళు వేడిగా ఉన్నాయా?" అంది చివరికి.

"గోరువెచ్చగా."

"నువ్వు ఆయావని ముందే తెలిసుంటే కడిగేదంటావా?"

"ఆయాకెందుకు కడుగుతారక్కా?"

"మరి ఏ ఊరిదో ఎవరో తెలీని ముసలిదానికి కడిగిందిగా. దానికైతే ఎందుకు, నీకైతే ఎందుకొద్దు?"

రేపు పొద్దున్న స్కూల్లో తొలి గంట ఆయమ్మే కొట్టాలి. "నాకు తెలీదక్కా, ఆ చేట ఇటివ్వు" అంది.