తేనె వేసిన పరమాన్నం

రెండు ఖండాలు, మధ్యలో ఓ మహాసముద్రం, మంచు కప్పిన ఊళ్లో ఒంటరిగా ఓ ముసలావిడ, ఆమెకి దూరమైన మనవరాలు. ఇంత సరుకు చేతిలో ఉండి మహాకావ్యం రాయకపోవడం నేరమే. అయినా రాయడం లేదు. ఇది సగం అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అక్కావాళ్ల టౌన్‌హౌస్ వంటగదిలో, మిగతా సగం ట్రాఫిక్‌లో జరిగింది. నాయకుడు అనదగ్గవాడు ఎవడూ లేడు. నేనున్నాను గానీ, నేనప్పుడు ఎమ్మెస్ చదువుతూ అక్క పైగదిలో ఉంటూ, ఫ్రిజ్‌లో ఏది మిగిలినా దాన్ని పారెయ్యకుండా కాపాడే ఉద్యోగంలో ఉండేవాణ్ణి.

అక్కా బావా పాపని రష్యా నుంచి దత్తత తెచ్చుకున్నప్పుడు దానికి ఆరేళ్లు. తల్లి పోయింది, తండ్రి ఎవరో తెలియదు. అమ్మమ్మ ఉంది కానీ ఆవిడకి గుండె జబ్బు. పిల్లని సాకలేక అనాథాశ్రమంలో చేర్చింది. వచ్చేసేరోజు ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగిందట, వారానికోసారి దాని గొంతు వినిపించమని, అదీ తన భాషలో. అక్క మాటిచ్చేసింది. మా వంశంలో మాటివ్వడం తేలిక. తర్వాతి పనులన్నీ తమ్ముళ్లు చూసుకుంటారు.

అలా శనివారం శనివారం పాపని రాలీలో ఓ చర్చి బేస్‌మెంట్‌లో జరిగే రష్యన్ క్లాసుకి తీసుకెళ్లడం నా వంతుకొచ్చింది. నన్ను 'మామ' అని పిలవమని నేర్పబోతే పాప నా మీసాల వంక అనుమానంగా చూసింది. వాళ్ల భాషలో ఆ మాటకి అమ్మ అని అర్థమట. 'మావయ్య' దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

అక్క ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగం. రష్యన్ వారసత్వాన్ని కూడా ఆఫీసు పనిలాగే చేపట్టింది. ఆదివారం బీట్‌రూట్ సూప్ వండేది. చివర్లో చెయ్యి ఊరుకోక పోపు పెట్టేది. పాప ఆవాలన్నీ కంచం అంచున వరసగా పేర్చి మిగతాది తాగేది. వీకెండ్ పార్టీల్లో ఆంటీలు సలహాలిచ్చేవారు.

"రష్యన్ ఎందుకమ్మా దానికి? మా పిల్లలకి ఉన్న తెలుగే రావట్లేదు," అంది ఒకావిడ, సమోసా చట్నీలో ముంచుతూ.

"మీ పిల్లలకి తెలుగు రాకపోతే తిట్టడానికి మీరున్నారు ఆంటీ," అంది అక్క. "దీనికి రష్యన్ పోతే అక్కడ ఆవిడకి ఇంకెవరూ ఉండరు."

ఆవిడ ఇంకో సమోసా తీసుకుంది.

ఆదివారం పొద్దున్న ఇడ్లీలయ్యాక ఫోన్. బావ కాలింగ్ కార్డు వెనక నంబర్లన్నీ నొక్కి స్పీకర్ ఆన్ చేసేవాడు. పాప కౌంటర్ ముందు ఎత్తు స్టూలెక్కి, కాళ్లూపుతూ, ఊడిన పన్ను గురించో స్కూల్ బస్సు గురించో చెప్పేది. అట్నుంచి ఆవిడ ఏదో గట్టిగా అడిగేది. నాకొచ్చిన రష్యన్‌లో 'తిన్నావా' ఒక్కటే తెలిసేది. అమ్మమ్మల సిలబస్ ఎక్కడైనా ఒకటే.

దాని రష్యన్ మాత్రం వారం వారం పలచబడుతోంది. ఒక్కో మాట దగ్గర ఆగి, అది దొరక్క, ఇంగ్లీషు మాట పెట్టేసేది. ఆ మాట ఆవిడకి తెలిసేది కాదు. తర్వాత మళ్లీ, తిన్నావా.

ఆ చలికాలం ఓ ఆదివారం ఫోన్ కలవలేదు. రింగ్ కూడా కాలేదు, గబగబా బీప్ బీప్ మంది అంతే.

"ఎంగేజ్," అన్నాడు బావ.

పై ఆదివారమూ ఎంగేజే. ఆ పైదీ. అంత బిజీగా ఉండే ముసలావిడని నేను మా చుట్టాల్లో కూడా చూడలేదు అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాప కాళ్లు ఊపడం మానేసి బీప్‌లు వింటూ కూర్చుంది. బావ కట్ చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

దత్తత ఇప్పించిన ఏజెన్సీకి మెయిల్ పెట్టాడు బావ. జవాబు లేదు. రష్యన్ క్లాసు టీచర్‌ని అడుగుదామా అన్నాను.

"ఇంకో వారం చూద్దాం రా," అన్నాడు. అడిగితే తెలిసిపోతుందన్నది అతని భయం. తెలియనంతకాలం ఆవిడ ఉన్నట్టే.

ఆ సాయంత్రం డిష్‌వాషర్ చప్పుడులో అక్కా బావా గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడుకున్నారు. "పోయిందేమో అండీ. గుండె జబ్బు, అంత చలి. పాపకెలా చెప్తాం?" ఎవరికీ అర్థం కాకూడని మాటలు తెలుగులో చెప్పుకోవడం ఇక్కడ మనందరికీ అలవాటే. షాపుల్లో బాగా పనిచేస్తుంది. ఏడాదిగా తెలుగు నేర్పిస్తున్న పిల్ల మెట్ల మీద కూర్చుని వింటుంటే పనిచేయదు. అది అక్కడ కూర్చుందని నేను చూశాను. బొమ్మతో ఆడుకుంటోందనుకున్నాను. దాని చేతిలో బొమ్మ లేదు.

ఆ శుక్రవారం పాప మా ఇంటికొచ్చి ఏడాదైంది. అక్క సెలవు పెట్టి పరమాన్నం వండింది. బెల్లం బదులు తేనె పోసింది, రష్యాలో తేనె బాగా వాడతారని ఎక్కడో చదివి. కిస్‌మిస్‌లు దండిగా వేసింది. దాని అమ్మమ్మ ఆశీర్వాదం కూడా ఉండాలని ఆవిడ ఫోటో ఫ్రేమ్ కట్టించి పూజ అలమరలో, దేవుళ్ల పక్కన కాస్త కిందగా, పెట్టింది. దండ వేయలేదు, అంత తెలివి ఉంది. దీపం వెలిగించి, గిన్నెడు పరమాన్నం ముందుంచింది.

స్కూలు నుంచొచ్చిన పాప బ్యాగ్ భుజం మీద ఉండగానే అలమర ముందు నిలబడిపోయింది. ఫోటో చూసింది. దీపం చూసింది. గిన్నెలోకి వంగి వాసన చూసింది.

"ఎప్పుడు?" అంది తెలుగులో.

"ఇప్పుడే బంగారం. చేతులు కడుక్కుని రా, పెడతాను," అంది అక్క.

పాప టేబుల్ దగ్గర కూర్చుంది. మూడు చెంచాలు తింది, నిదానంగా, ఎవరి వంకా చూడకుండా. చెంచా బోర్లా పెట్టి పైకెళ్లిపోయింది.

"తింది చూశావా. తేనె కలిసొచ్చింది," అంది అక్క సంతోషంగా.

మర్నాడు పొద్దున్న గడ్డం గీసుకుందామని వెళ్తే బాత్రూమ్ అద్దానికి అనాసపళ్ల బొమ్మలున్న బీచ్ టవల్ వేలాడుతోంది. నా ముఖం మీద ఎవరికో అభ్యంతరం ఉందనుకుని తువ్వాలు పక్కకి జరిపి గీసుకున్నాను. బయటికొచ్చేసరికి హాల్లో అద్దం మీద అక్క చున్నీ కప్పి ఉంది. అక్క అల్మారా అద్దం మీద దుప్పటి. అక్కా బావా సరుకులకి కాస్ట్‌కోకి పోయారు. ఇంట్లో ఏ అద్దంలోనూ ఎవరి నీడా కనిపించడం లేదు. మెడ వెనక ఏదో చల్లగా పాకింది. హీటర్ చెడిపోయిందేమోనని చూశాను. బాగానే ఉంది.

క్లాసుకి టైమైంది. కారెక్కితే రియర్‌వ్యూ మిర్రర్‌కి ఓ చిన్న గులాబీరంగు సాక్సు తొడిగి ఉంది.

"ఇదేంటే?"

"తియ్యొద్దు మావయ్యా."

"తియ్యకపోతే వెనకాల ఎవరొస్తున్నారో తెలీదు కదా."

"అందుకే," అంది, వెనకసీట్లోంచి. ఆ గొంతులో ఏడుపు లేదు. ఉంటే బాగుండేది. హైవే మీద వెనక ఏముందో చూడకుండా రాలీ దాకా డ్రైవ్ చేశాను. అన్ని లేన్లూ హారన్ కొట్టాయి.

క్లాసు మొదలైన కాసేపటికే టీచర్ పాప చెయ్యి పట్టుకుని కారిడార్‌లోకి వచ్చింది. ఆవిడా రష్యా నుంచి వచ్చినావిడే. మాటలు ఇంగ్లీషులోనే.

"మీ ఇంట్లో జరిగింది విన్నాను. చాలా బాధగా ఉంది," అంది.

"ఏం జరిగిందండీ?"

"అమ్మమ్మగారు పోయారట కదా. నిన్న ఫోటో ముందు దీపం పెట్టి, చావు అన్నం పెట్టారట. తేనె, కిస్‌మిస్‌లు వేసిన తియ్యన్నం. మా దగ్గర మనిషి పోతే వండుతాం. మూడు చెంచాలు తింటాం, ఇంట్లో అద్దాలన్నీ కప్పేస్తాం. నోటితో చెప్పకుండా ఇలా చెప్పారంటే, ఎంత సున్నితమైన మనుషులో అనుకున్నాను."

మేం అంత సున్నితమైన మనుషులం కాదని చెప్పాలి. పరమాన్నం పండగ వంట అని చెప్పాలి. కానీ ఆ తర్వాత ఆవిడ, మరి అమ్మమ్మగారు ఎలా ఉన్నారని అడుగుతుంది. పాప కళ్లార్పకుండా నన్నే చూస్తోంది.

"అది మాకు మంచిరోజు వంటండీ," అన్నాను. "ఆవిడ ఉన్నారో లేదో మాకు తెలీదు. మూడు వారాలుగా ఫోన్ కలవడం లేదు."

టీచర్ అమ్మమ్మ నంబర్ అడిగింది. నా సెల్‌లో చూపించాను. కాసేపు దాన్నే చూసి, తన ఫోన్‌లో నొక్కింది, చెవి దగ్గర పెట్టుకుంది. పక్క గదిలో పిల్లలు ఏదో పాట తప్పుగా పాడుతున్నారు. పాప నా జాకెట్ అంచు పట్టుకుంది. అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. నేనో జోకు వెతికాను. దొరకలేదు.

టీచర్ రెండు మాటలేవో మాట్లాడి, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా, ఫోన్ పాపకిచ్చింది.

పాప దాన్ని చెవికి ఆనించుకుంది. అట్నుంచి ఓ ముసలి గొంతు, గరగరలాడుతూ, ఇంత దూరానికి వినబడేలా మొదలైంది. పాప పెదాలు కదిలాయి. గొంతు మళ్లీ పిలిచింది. అప్పుడు పాప ఒక మాట అంది, తర్వాత ఇంకోటి, తర్వాత ఆగకుండా బోలెడు. మధ్యమధ్య తడబడి, ఇంగ్లీషు కాదు, తెలుగు మాటలు పడేస్తోంది. 'పరమాన్నం' అని నాకు స్పష్టంగా వినబడింది.

"ఏమంటోంది?" అన్నాను.

"తిడుతోంది."

"ఎవర్ని?"

"అందర్నీ. ఫోన్ చెయ్యలేదని. చచ్చిపోయామనుకుందట, మనం." పాప ముక్కు తుడుచుకుంది. "నా రష్యన్ పాడైపోయిందట. రోజూ ఫోన్ చెయ్యమంటోంది."

ఆ చలికాలంలోనే ఆ ఊరి ఏరియా కోడ్ మార్చారని చెప్పింది టీచర్. మొదట ఉన్న సున్నా తీసేసి నాలుగు నొక్కాలి.