గుమ్మం దగ్గర పెట్టుకునే చెవులు

కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయనకు చెవుడొచ్చి ఆరేళ్లయినా పనికి లోటు రాలేదు. మిషను మీద అరచెయ్యి ఆనించి, చక్రం తిప్పి, అదురును బట్టి రోగం చెప్పేస్తాడు. కొత్తగా కొన్న వినికిడి మిషన్లను దుకాణంలో చొక్కాజేబులోనే ఉంచుతాడు. ఆ రొదలో పెట్టుకుంటే చెవులు హోరెత్తుతాయి. ఇంటికి వచ్చినప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, రెండూ శ్రద్ధగా తగిలించుకుంటాడు. నిన్న వడ్డిస్తూ భార్య అలవాటు కొద్దీ తనలో తాను గొణుక్కుంది: "ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ బాగవుతాయి. నాదే తుప్పు పడుతోంది." ఆయన తలెత్తకుండా తిన్నాడు. ఇవాళ పొద్దున్నే ఆవిడ కుట్టుమిషను విప్పి, నూనె వేస్తూ కూర్చున్నాడు.

"నేనడక్కుండానే ఎలా తెలిసిందండీ?" అని ఆవిడ ఆయన చెవి దగ్గర అరిచింది.

"మెల్లిగా చెప్పు," అన్నాడాయన, "నిన్న చెప్పినట్టు."