గీత దాటిన బండి

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఛేజింగ్ సీను తీస్తుంటే కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. అందరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. అది నాకు విజయక్క షెడ్డు వాసన.

విజయక్క నా మొదటి బాస్. సినిమా ఫైట్లలో పల్టీ కొట్టే కార్లు, పేలిపోయే కార్లు ఆవిడే తయారుచేసేది. డైరెక్టర్ ఎక్కడ విరగమంటే బండి అక్కడే విరిగేది. అలాంటి మనిషికి విరగని బండి ఒకటి చేయాలని పట్టుదల పుట్టింది. సంపాదించిందంతా పోసి రేసు కారు కట్టి, దేశంలోకెల్లా పెద్ద పోటీలోనే దింపింది. ఆ పోటీలో ఏడాది పొడవునా ఊరికో రేసు ఉండేది. మా బండి వెళ్ళిన ప్రతిచోటా మధ్యలోనే ఆగిపోయింది. ఒకసారి ఇంజిన్ వేడెక్కింది, ఒకసారి గేర్లు పట్టేశాయి, ఒకసారైతే ఎందుకాగిందో ఆ దేవుడికే తెలియాలి. యూసుఫ్‌గూడ టీకొట్టు దగ్గర మమ్మల్ని చూసి, "ఈసారి గూడ తోసుకుంటనే వచ్చిన్రా?" అని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం, "లేదన్నా, లారీల ఎక్కించుకొని దర్జాగ వచ్చినం," అనేది.

చివరి రేసుకు ముందు ఒక ప్రొడక్షన్ మేనేజర్ షెడ్డుకొచ్చాడు. "మేడమ్, బండి లుక్ అదిరిపోయిందండీ. మాకిచ్చేయండి, క్లైమాక్స్‌లో పేల్చేస్తాం," అన్నాడు. షెడ్డు మూతపడేలా ఉన్న రోజులవి. ఇచ్చేయమని నేనే బతిమాలాను.

"పేలే బండ్లు శానా చేసిననే. గిది ఒక్కసారన్న రేసు ఆఖరి గీత దాటాలె. దాటకుంటే నేనే తీస్కపోయి ఆయనకిస్త," అంది అక్క.

ఆ రేసులో సగం కాకముందే మా బండి అందరికంటే వెనకబడింది. వైర్‌లెస్‌లో మా డ్రైవర్ శామ్యూల్ గొంతు వినిపించింది. "అక్కా, పొగొస్తోంది. ఆపేయమంటారా?"

"ఎవ్వలితోని పోటీ వద్దు తమ్మీ. జర మెల్లగ గీతదాక తీస్కరా, చాలు."

గెలిచిన బండి ఎప్పుడో వచ్చేసింది. మాది చిట్టచివరన, పొగలు కక్కుతూ వచ్చి గీత దాటింది. అక్క ఏడుస్తూ పరుగెత్తి దాని మీద చెయ్యి వేసింది. ఇంజిన్ వేడికి అరచెయ్యి బొబ్బలెక్కింది. మర్నాడు టీకొట్టు దగ్గర "ఎన్నో నంబరొచ్చింది?" అని అడిగితే ఆ చెయ్యే చాపి, "ఆఖర్ది. గిదే మా కప్పు," అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

తర్వాత షెడ్డు చిన్నదైంది కానీ బండిని అమ్మలేదు. పని మానేసేటప్పుడు అక్క దాన్ని నాకే ఇచ్చింది. ఇప్పుడు సినిమా కార్లు నేను చేస్తున్నాను. మొన్న షూటింగ్ అయ్యాక మా షెడ్డుకొచ్చిన కుర్ర హీరో దాని చుట్టూ తిరిగి, "ఇది ఎన్ని రేసులు గెలిచిందండీ?" అని అడిగాడు.

"ఒక్కటీ గెలవలేదు. ఒకటి పూర్తిచేసింది," అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా తల దానంతటదే పైకి లేస్తుంది.