చిరగని కుందేలు

పురానాపూల్ దగ్గర పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన ఆండాలు, 1974లో పిల్లల బొమ్మల పుస్తకాల మీద పిహెచ్‌డీకి చేరింది. ప్రబంధాల మీద పరిశోధన చేస్తున్నవాళ్లు, "పెద్ద పుస్తకాలు కొరుకుడు పడలేదా?" అని నవ్వారు. తల్లి బుచ్చమ్మ ఇంకా సూటిగా అడిగింది. "ఎమ్మే చదివి బొమ్మలు చూసుడేందే?"

ఆండాలు బర్రెల కొట్టం పక్క అరుగు మీద ఒక చెక్కపెట్టె పెట్టి, నిండా బొమ్మల పుస్తకాలు వేసింది. గల్లీ పిల్లలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. చదవమని చెప్పదు, ప్రశ్నలు వేయదు. ఏ పేజీ చిరిగింది, ఏ పేజీకి నూనె అంటింది, ఏది నమిలారు అని చూసి రాసుకుంటుంది. పిల్లలు నోటితో అబద్ధం చెప్పినా వేళ్లతో చెప్పలేరని ఆమె నమ్మకం. ఏడాది తిరిగేసరికి ఏనుగు బొమ్మకు తొండం మిగల్లేదు.

ఒక్క పుస్తకం మాత్రం ప్రెస్సులోంచి అప్పుడే వచ్చినట్టుంది. అందులో ఒక కుందేలు ప్రతి పేజీలోనూ నీతి చెబుతుంది. దాన్ని రాసింది ఆమె గైడు అమరనాథ్. ఆయన సంతకం లేకుండా థీసిస్ గడప దాటదు.

సంతకానికి ముందు ఆ పెట్టె చూస్తానని సారు స్వయంగా వచ్చారు. థీసిస్‌లో అప్పటిదాకా ఆయన చదివింది కృతజ్ఞతల పేజీ ఒక్కటే. పెట్టెలో అన్నీ పీలికలు, తన పుస్తకం ఒక్కటే నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని రెండు చేతులతో పైకెత్తారు.

"చూశావా ఆండాలూ! నా పుస్తకాన్ని ఎంత గౌరవంగా దాచుకున్నారో!"

చాయ్ తెచ్చిన బుచ్చమ్మ అందుకుంది. "గౌరవమేంది సారూ? దాన్ని ఎవ్వరు ముట్టలే. మంచిగున్నయన్నీ చింపిండ్రు మా పోరగాండ్లు."

సారు తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "ఇది థీసిస్‌లో ఉందా?"

"నాలుగో అధ్యాయం సార్."

"తీసెయ్."

"గట్లయితే అన్ని పుస్తకాలు తీసెయ్యాలె సార్. అన్నిటికి కొలత ఒక్కటే."

సారు విసురుగా తన పుస్తకం తెరిచి, బుచ్చమ్మ మనవరాలు బాలమణిని పక్కన కూర్చోబెట్టుకుని చదవసాగారు. రెండో పేజీకి బాలమణి బర్రె తోక చూస్తోంది. మూడో పేజీకి ఆవలించింది. ఆ ఆవలింత సారుకూ అంటుకుంది. ఇక నీతి వదిలేసి, "ఈ కుందేలు దొంగ, తెలుసా? మీ పాలు తాగిపోయేది ఇదే" అన్నారు.

"మా పాలా!" బాలమణి పేజీ మీద పడి కుందేలు చెవులు పట్టుకుని గుంజింది. కాగితం పర్రున చిరిగింది.

బుచ్చమ్మ చెయ్యెత్తింది. సారు అడ్డం పడ్డారు. "కొట్టకండమ్మా! ఆండాలూ, రాసుకో. నాలుగో పేజీ, రెండు చెవులూ!"

"రాస్త సార్. రాసినాయన పక్కనుండి కథ మార్చి చెప్పిండని గూడ రాయాలె."

సారు చిరిగిన చెవులను కాసేపు చూసుకున్నారు. "రాయి. చిరిగిందన్నది మాత్రం ముందు రాయి" అని సంతకం పెట్టారు.

డాక్టరై, కాలేజీలో పాఠాలు చెబుతూ ఆండాలు తానూ పిల్లలకొక పుస్తకం రాసింది. తెచ్చి ముందు ఆ పెట్టెలోనే పడేసింది. ఏడాదికి అట్ట ఒక్కటే చిరిగింది. అట్ట మీది బొమ్మ వేసింది ఆమె కాదు.